రెండు రొట్టెల కోట

వలయపురి అంగడివీధిలో బెల్లం కొట్టు దాటగానే సింగన్న ఎడమ పక్కకు తిరిగాడు. అంతే, కొంప మునిగింది.

అంతవరకు ఆ వీధి పెళ్ళివారిల్లులా ఉంది. ఒక పక్క పగడాల రాసులు, మరో పక్క నెమలికన్నుల విసనకర్రలు, మధ్యలో సాంబ్రాణి ధూమం, దాన్ని చీల్చుకుంటూ సంపెంగ తైలాల ఘుమఘుమలు, ఏనుగుల మెడగంటలు, పల్లకీబోయీల కేకలు. అవన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. త్రాసు పట్టుకున్న కోమటి చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. గాజులు తొడిగించుకుంటున్న ఒక ఇల్లాలు కొంగుతో కళ్ళు మూసుకుంది.

"ఎడమకి తిరిగాడు! పట్టుకోండి!" అని ఎవరో అరిచారు.

నలుగురు తలారులు ఈటెలు ఎత్తి వెంటపడ్డారు. సింగన్న పరుగు లంకించుకున్నాడు. ముందు వచ్చిన సందులో ఎడమకు దూరాడు, ఆ తరువాతి సందులోనూ ఎడమకే దూరాడు. తలారులకు అక్కడ వచ్చింది చిక్కు. వలయపురిలో పుట్టినవాడెవడూ ఎడమకు తిరగకూడదు. తిరగడం మహాపాపం. ఎడమ సందులోకి వెళ్ళక తప్పనప్పుడు నిలబడ్డ చోటనే కుడికి ఒకసారి తిరిగి దండం పెట్టాలి, మళ్ళీ కుడికి తిరిగి దండం పెట్టాలి, మూడోసారి కూడా కుడికే తిరిగి దండం పెట్టాలి. అప్పటికి మొహం ఎడమ సందు వైపు వస్తుంది, అప్పుడు పోవాలి. దొంగ కళ్ళ ముందే పారిపోతున్నా సరే, దండాలు తగ్గించడానికి వీల్లేదు.

అలాంటి ఊళ్ళో తప్పించుకోవడం ఏం గొప్ప! కాని సింగన్న తప్పించుకోలేదు. సందు చివర అరుగు మీద కూర్చుని, పాపం వాళ్ళ దండాలు పూర్తయ్యేదాకా ఎదురుచూశాడు.

"ఏ ఊరురా నీది?" పెద్ద తలారి రొప్పుతూ అడిగాడు.

"ఇప్పలసీమ, అయ్యా. బైరాగిని. మా వైపు ఎటు పని ఉంటే అటు తిరుగుతాం."

"ఛీ, నోరు ముయ్యి! దీనికి శిక్ష ఏమిటో తెలుసా? మంచుకోట చుట్టూ కావలివాళ్ళతో కలిసి ఒక ప్రదక్షిణం చెయ్యాలి. పోయినవాళ్ళలో సగంమంది తిరిగి రారు."

"అయ్యో దేవుడా!" అని సింగన్న గుండెలు బాదుకున్నాడు. లోపల మాత్రం పండగ చేసుకున్నాడు. అతనికి కావలసింది ఆ శిక్షే మరి. మంచుకోట దగ్గరకు మామూలు మనిషిని రానివ్వరు, నేరస్థుడినైతే దగ్గరుండి తీసుకుపోతారు.

నిజానికి అతను బైరాగి కాడు. ఆ గడ్డం జనపనారది, జిగురుతో అంటించింది. అతను ఇప్పలసీమలో గానుగ ఆడించుకునే వాడు. తల్లి పోయాక అతన్ని ఎత్తుకుని పెంచింది అక్క మాచమ్మ. ఆరు నెలల కిందట వక్రఘంటుడనే మాంత్రికుడు నూనె కొంటానని వచ్చి, మాచమ్మను మాయం చేసి తీసుకుపోయాడు. మంచుకోట లోపల రాగి గానుగ ఒకటుంది. దానికి ఆమెను కట్టి తిప్పుతున్నాడు. లక్ష చుట్లు నిండిన క్షణాన ఆమె ఎద్దయిపోతుంది, మళ్ళీ ఏ మంత్రానికీ మనిషి కాదు. ఆ లక్ష ఈ రోజు నడిపొద్దుకు, కోటలో మూడో ఘంట మోగేసరికి నిండుతుంది. ఈ సంగతంతా చెప్పి, కొలిమిగుట్ట సిద్ధుడు సింగన్న చేతికి ఒక రాగిరేకు ఇచ్చాడు. దాని మీద ఇలా ఉంది.

"కోట లోపలికి వంగిన మూల ఒక్కటే. వాకిలి అక్కడే. మరోచోట గోడను ముట్టుకున్నవాడు గోడలో రాయవుతాడు."

తలారులు సింగన్నను ఊరి పొలిమేర దాకా తీసుకుపోయి కొండసాని అనే కావలి మనిషికి అప్పగించారు. కొండసానికి నలభై అయిదేళ్ళు ఉంటాయి. నడుముకు శంఖం, చేతిలో ఇనుప కర్ర, భుజాన జొన్నరొట్టెల మూట. ఇరవై ఏళ్ళుగా రోజూ మంచుకోట చుట్టూ తిరుగుతున్న మనిషి, అందుకని ఆమెకు ఈ లోకంలో దేనిమీదా ఆశ్చర్యం లేదు.

"గడ్డం ఊడిపోతోంది అబ్బీ, అద్దుకో," అంది మొదటి మాటగా.

సింగన్న గతుక్కుమన్నాడు. ఇక దాచి లాభం లేదని గడ్డం పీకి పారేసి, అక్క సంగతి పూసగుచ్చినట్టు చెప్పాడు. కొండసాని అంతా విని పెదవి విరిచింది.

"లోపలికి వంగిన మూలా? ఆ కోటకి మూలలు తొమ్మిది. తొమ్మిదీ కుడికే తిరుగుతాయి. మా అమ్మ తిరిగింది, మా అవ్వ తిరిగింది, నేను తిరుగుతున్నా. లోపలికి వంగింది ఒక్కటుంటే మాకు తెలియదా?"

"సిద్ధుడు అబద్ధం చెప్పడు, పిన్నీ."

"చెప్పలేదంటే తాగి రాశాడేమో! పద. నేను వేసిన అడుగులో అడుగు వెయ్యి. గోడ ముట్టుకోమాకు. ఎడమకి మాత్రం తిరగమాకు, తిరిగావా, శంఖం ఊదుతా. అది నా కొలువు, ఆ తరువాత నన్ను తిట్టుకుని లాభం లేదు."

ఇద్దరి నడుములకూ కలిపి ఒక తాడు కట్టింది. ఇద్దరూ మంచులోకి దిగారు.

ఆ మంచును ఏమని చెప్పాలి! పాలసముద్రం ఆవిరై అక్కడ నిలిచిపోయిందా అన్నట్టు, ఆకాశానికీ నేలకూ మధ్య దూది మూటలు విప్పి పరిచారా అన్నట్టు, దిక్కులు కరిగి, పొద్దు కరిగి, చివరికి మనిషి నీడ కూడా కరిగిపోయి, అంతటా ఒకటే తెలుపు. ఆ తెలుపులో ఎక్కడో నల్లరాతి గోడ ఉంది. ఉందన్న మాటే గాని కనపడదు. సింగన్నకు తన మోకాళ్ళే కనపడలేదు. గోడకు రెండు బారల దూరంలో నేల మీద వరసగా రాళ్ళు పరిచారు, వాటిని అరికాళ్ళతో తడుముకుంటూ నడవాలి. మూల వచ్చిన చోటల్లా మోకాలెత్తు గుండ్రాయి ఒకటి ఉంటుంది. ఎప్పుడూ గోడ కుడిచేతి వైపే ఉంటుంది.

నాలుగడుగులు వేసేసరికే సింగన్నకు ఎటు వచ్చాడో, ఎటు పోతున్నాడో తెలియలేదు. లోపలెక్కడో మొదటి ఘంట మోగింది. ఆ మోత నాలుగు పక్కల నుంచీ వచ్చింది.

"పిన్నీ, ఇందులో మనం బయలుదేరిన చోటికి వచ్చేశామని ఎట్లా తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది, నీకు తెలియదు. నీకెందుకు?"

సింగన్నకు మాత్రం తెలియాలి. వెంటనే అతనికి చిన్నప్పటి సంగతి ఒకటి తట్టింది. అన్నం తినకుండా మారాం చేస్తే అక్క చంకనెత్తుకుని ఇంటి చుట్టూ తిప్పేది. మూల తిరిగినప్పుడల్లా రొట్టెముక్క ఒకటి చేతిలో పెట్టేది. చిన్న మలుపుకు చిన్న ముక్క, పెద్ద మలుపుకు పెద్ద ముక్క. నాలుగు మూలలూ తిరిగి వాకిట్లోకి వచ్చేసరికి సరిగ్గా ఒక రొట్టె అయిపోయేది. మూడు మూలల కళ్ళం చుట్టూ తిరిగితే ముక్కలు మూడే, కాని పెద్దవి. ఎనిమిది మూలల బావి చుట్టూ తిరిగితే ఎనిమిది చిన్నవి. ఎన్ని మూలలున్నా రొట్టె మాత్రం ఒక్కటే. "బయలుదేరినప్పుడు ఎటు చూశామో, తిరిగొచ్చి మళ్ళీ అటే చూశాం గదరా! అంటే మన చుట్టూ మనం ఒక్కసారే తిరిగినట్టు. అందుకని ఒక్క రొట్టె," అనేది అక్క.

"పిన్నీ, ఒక రొట్టె ఇయ్యి."

"అప్పుడే ఆకలా!" అంటూనే ఇచ్చింది.

మొదటి గుండ్రాయి వచ్చింది. సింగన్న రొట్టెను రాయి మీద పెట్టాడు. తిన్నగా పోతే ఎటు పోయేవాళ్ళో అటు మొలలో దాచుకున్న చురకత్తితో ఒక గాటు పెట్టాడు. తిరిగి ఇప్పుడు ఎటు పోతున్నారో అటు ఇంకొక గాటు. రెంటికీ మధ్యనున్నది పావు రొట్టె. కోసి జోలెలో వేసుకున్నాడు. రొట్టె అయిపోయిందా, చుట్టు పూర్తయినట్టే.

కొండసాని ప్రతి రాయి దగ్గరా ఆగి, కుడికి తిరిగి, చేతులు జోడించి ఏదో గొణిగేది. ఆమె తిరిగితే తాడు లాగేది, తాడు లాగితే ఇతనూ తిరిగేవాడు. రెండో రాయి దగ్గర మొద్దు మలుపు, అరపావు ముక్క వచ్చింది. మూడోదీ అంతే. నాలుగో మూలకు మళ్ళీ పావు. చేతిలో ఇంకో పావే మిగిలింది.

"ఇంకొక్క మూల, అయిపోతుంది," అనుకున్నాడు.

మళ్ళీ రాయి తగిలింది. కొండసాని కుడికి తిరిగి దండం పెట్టింది. సింగన్న చివరి పావు జోలెలో వేసుకుని, "వచ్చేశాం, పిన్నీ!" అన్నాడు.

"ఎక్కడికి? ఇంకా శానా ఉంది." ఆమె మళ్ళీ కుడికి తిరిగింది. మళ్ళీ దండం.

సింగన్న తెల్లబోయాడు. అయినా తిరిగాం గదా అని రెండో రొట్టె అడిగి తీసుకుని పావు కోశాడు. అది జోలెలో వేసుకునే లోపే ఆమె ఇంకోసారి కుడికి తిరిగింది. ఇంకో పావు.

"ఇదేంటి పిన్నీ, ఇక్కడ మూలలు ద్రాక్షగుత్తిలా ఉన్నాయి?"

"పెద్దలు అట్లా కట్టించారు. మనం అడగకూడదు."

ఆ తరువాత ఒక మూల, పావు. ఇంకో మూల, పావు. రెండో రొట్టె కూడా సరిగ్గా అయిపోయింది. సరిగ్గా అప్పుడే కొండసాని ఆగి, "అయింది. తొమ్మిది మూలలు," అని తాడు వదులు చేసింది. మంచు వెనక రెండో ఘంట మోగింది.

సింగన్న కిందపడి కూర్చున్నాడు. రెండు రొట్టెలు! భూమి మీద ఏ ఇంటి చుట్టూ, ఏ తోట చుట్టూ తిరిగినా ఒక్కటే అయ్యే రొట్టె ఇక్కడ రెండెలా అయింది? దారి తప్పి రెండుసార్లు తిరిగారా అంటే ఆమె ఒక్కసారే అంటోంది. ముక్కలు పెద్దవి కోశాడా అంటే ఒక ముక్క ఎక్కువ రావాలి గాని నిండు రొట్టె ఎక్కువ ఎందుకొస్తుంది? ముక్కలన్నీ బయటికి తీసి పేర్చాడు. రెండు నిండు చందమామలయ్యాయి. కలిపేసి మళ్ళీ పేర్చాడు. మళ్ళీ రెండే. అతని బుర్ర గానుగ తిరిగినట్టు తిరిగిపోయింది.

"ఏడుస్తున్నావా, అబ్బీ?"

"లేదు. లెక్క తప్పింది."

"లెక్క తప్పితే ఏడవడమెందుకు? తినేసెయ్."

పొద్దు ఎక్కడుందో తెలియదు, నడిపొద్దు దగ్గర పడుతోందని మాత్రం తెలుసు. అక్కడ అక్క మెడ మీద కాడి. ఇక్కడ రెండు రొట్టెలు. సింగన్నకు దుఃఖం, కోపం కలిసి పొంగుకొచ్చాయి. ఉత్తపుణ్యానికి కూర్చోవడం కన్నా ఏదో ఒకటి చెయ్యడం నయమనిపించింది. అన్ని మూలలూ పావు తిరిగినప్పుడు రెండు మూలలు మాత్రం అరపావు ఎందుకు తిరగాలి? మాయ ఉంటే గింటే అక్కడే ఉండాలి. ఆమెను తాడుతో లాక్కుంటూ మొదటి రాయి దాటి, రెండో రాయి దగ్గరకు ఉరికాడు. రాళ్ళ వరస వదిలి గోడ వైపు నాలుగడుగులు వేసి చెయ్యి చాచాడు.

మంచులోంచి ఇంకో చెయ్యి ఎదురొచ్చింది.

రాతి చెయ్యి. గోడలోంచి మోచేతి దాకా పొడుచుకొచ్చి ఉంది, వేలికి ఉంగరం కూడా ఉంది. ఆ పక్కనే మరొకటి. దాని కింద చిన్న గాజుల చెయ్యి. ఎప్పుడో ఎవరో ఇదే ఆలోచన చేసి ఇక్కడే ముట్టుకున్నారు. సింగన్న వేళ్ళు గోడకు వెంట్రుకవాసి దూరంలో ఉండగా కొండసాని తాడు గుంజింది. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు.

ఆ చప్పుడుకు గోడ మీద నిద్రపోతున్నవి లేచాయి. రాతిగబ్బిలాలు! చేటలంతేసి రెక్కలు, ఎగిరితే తిరగలి తిప్పినట్టు చప్పుడు. ఒకటి సింగన్న భుజం మీద వాలి కండ పీకింది. చురకత్తి దాని రెక్కకు తగిలి నిప్పురవ్వలు రాలాయి. కొండసాని ఇనుప కర్ర గిరగిరా తిప్పుతూ, "ఉరుకు అబ్బీ, ఆగిన వాడినే పీకుతాయి!" అని అరిచింది. ఇద్దరూ పడుతూ లేస్తూ ఉరికారు. ఒక రాయి, ఇంకో రాయి, ఆ పైన ఇందాకటి గుత్తి మూలల చోటు వచ్చేశాయి.

అక్కడ కొండసాని నడుము నుంచి శంఖం జారి పడింది. ఆమె ఎడమ పక్కనే పడింది, వంగితే అందేటంత దూరంలో. ఎడమకు వంగడానికి వీల్లేదుగా! ఆ మహాతల్లి తల మీద గబ్బిలం రెక్కలు ఆడిస్తున్నా చలించక, కుడికి తిరిగి దండం పెట్టింది. మళ్ళీ కుడికి తిరిగి దండం పెట్టింది. మూడోసారి తిరిగి దండం పెట్టి, శంఖం తీసుకుంది.

"ఎడమకి ఒక్కసారి తిరిగితే పొయ్యేది గదా, పిన్నీ! ప్రాణాలు పోతుంటే మూడు తిరుగుళ్ళు..."

అంటూ అంటూ సింగన్న నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయాడు. అంగడివీధిలో తలారుల దండాలు చూసి నవ్వుకున్న పెద్దమనిషికి ఇంతసేపు ఇది తట్టలేదు. అతన్ని చూసి మీరు నవ్వుకోవచ్చు, మంచులో నడిచినవాడికే ఆ బాధ తెలుస్తుంది.

"పిన్నీ, ఇందాక ఇక్కడ మూడు మూలలన్నావే! రాళ్ళు ఎన్ని?"

"ఎన్నేంటి? రాయి ఒక్కటే. మూడు దండాలు."

"ఒక్క రాయికి మూడు మూలలెట్లా వస్తాయి?"

కొండసాని వంగి ఆ రాయిని చుట్టూ తడిమి చూసింది. ఇరవై ఏళ్ళలో ఆమెకు మొదటిసారి ఆశ్చర్యం కలిగింది.

"ఇక్కడ దారి ఎడమకి పోతోంది పిన్నీ! మీరు ఎడమకి తిరగరు గాబట్టి మూడుసార్లు కుడికి తిరిగి అటే మొహం పెడుతున్నారు. మూడు ముక్కలు నాతో ఉత్తపుణ్యానికి కోయించావు!"

సింగన్న జోలె తెరిచి మూడు పావులు తీసి ఆమె చేతిలో పెట్టాడు. మిగిలినవి లెక్క చూసుకున్నాడు. ఒక రొట్టె, పైన పావు. ఇంకా పావు ఎక్కువే ఉంది. అప్పుడు జ్ఞాపకం వచ్చింది. ఇంటితోపాటు వెనక పశువుల కొట్టాన్ని కూడా చుట్టి వచ్చేటప్పుడు, కొట్టం దగ్గర గోడ లోపలికి నొక్కుకుని ఉండేది. అక్కడికి రాగానే అక్క ఎదురు తిరిగేది. ముక్క ఇవ్వకపోగా, చేతిలో ఉన్నది లాక్కునేది. "ఇక్కడ ఎదురు తిరిగాం. ముక్క వెనక్కి ఇయ్యి!" అనేది. ఆ మూల దగ్గర సింగన్న ప్రతిసారీ ఊరు లేచిపోయేట్టు ఏడ్చేవాడు. అయినా వాకిట్లోకి వచ్చేసరికి సరిగ్గా ఒక రొట్టే అయ్యేది.

ఇంకో పావు తీసి కొండసానికి ఇచ్చేశాడు. జోలెలో సరిగ్గా ఒక రొట్టె మిగిలింది.

"మూలలు తొమ్మిది కాదు, ఏడే. లోపలికి వంగింది ఇదే. పిన్నీ, ఒక్క మాట చెప్పు. ఎడమకి తిరిగితే పాపమని మీ ఊరికి నేర్పింది ఎవరు?"

"మా ముత్తాతల నాడు ఎవరో సన్న్యాసి వచ్చాడంట. చేతిలో పెద్ద ఘంట..." ఆమె మాట మధ్యలోనే ఆగిపోయింది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. గబ్బిలాలు మళ్ళీ చుట్టూ మూగుతున్నాయి.

"నేను ఎడమకి తిరుగుతున్నా, పిన్నీ. నువ్వు శంఖం ఊదాలి గదా."

కొండసాని శంఖం వైపు చూసింది, అతని మొహం వైపు చూసింది. చేతిలో ఉన్న రొట్టెముక్క నోట్లో కుక్కుకుని, రెండు కళ్ళూ గట్టిగా మూసుకుంది.

"మంచు శానా ఎక్కువగా ఉంది, అబ్బీ. నాకేం కనపడ్డంలా. నోట్లో రొట్టె ఉంది, శంఖం ఊదలేను. పో!"

సింగన్న నడుము తాడు విప్పుకుని, ఆ రాయి దగ్గర ఎడమకు ఒక్కసారి తిరిగాడు.

వంద ఏళ్ళుగా అక్కడ ఎవరూ తిరగని తిరుగుడు అది. మంచు తెర చీరలా రెండుగా చిరిగింది. నల్లగోడలు రెండు లోపలికి వంగి కలిసే మూల పక్కనే నిలువునా బయటపడింది. రాతిచేతులు గానీ, చెయ్యి గుర్తు గానీ అక్కడ ఒక్కటీ లేదు. సింగన్న దాని దగ్గరకు పోయి, కళ్ళు మూసుకుని రెండు అరచేతులూ గోడకు ఆనించాడు. చేతులు రాయి కాలేదు. గోడే తలుపై లోపలికి జరిగింది.

లోపల మంచు లేదు. ఎర్రటి ఎండలో రాగిపలకలు పరిచిన ముంగిలి, దాని నడుమ తాటిచెట్టంత రాగి గానుగ, మొగలిరేకుల చెక్కడాలతో, నవరత్నాల పట్టెడలతో, చూస్తే కళ్ళు చెదిరేలా ఉంది. అంత అందానికీ కింద, కాడి మెడ మీద వేసుకుని, ఎముకల గూడైన ఒక మనిషి నడుస్తోంది. నుదుటి మీద వేలెడంత కొమ్ములు మొలిచాయి. కళ్ళలో ఎవరూ లేరు.

"అక్కా!"

మాచమ్మ వినలేదు. కుడికి, కుడికి, కుడికి, నడుస్తూనే ఉంది.

బురుజు మీద వక్రఘంటుడు కూర్చుని ఉన్నాడు. ఒక చేత్తో ఘంట తాడు పట్టుకుని, చుట్టు చుట్టుకూ పైకి లెక్క చెబుతున్నాడు. ఆ గానుగ మంత్రం అలాంటిది, చుట్టు పడితే లెక్క అతని నోట రావలసిందే.

"తొంభై తొమ్మిది వేల తొమ్మిదివందల తొంభై ఆరు!"

సింగన్న పోయి కాడి పట్టుకుని వెనక్కి గుంజాడు. గానుగ అతన్ని ఈగను విదిల్చినట్టు విదిల్చి గోడకు కొట్టింది. లేచి, ఆమె ముందు అడ్డంగా నిలబడ్డాడు. ఆమె అతన్ని తోసుకుంటూ నడిచిపోయింది. కాళ్ళు పట్టుకున్నాడు. ఈడ్చుకుపోయింది.

"తొంభై ఏడు!"

"అక్కా, నేను సింగన్నని! ఇప్పలసీమ! మన ఇల్లు! మన కళ్ళం!"

"తొంభై ఎనిమిది!" పైన మాంత్రికుడు పగలబడి నవ్వాడు. "అరవరా అబ్బాయ్, ఎద్దుకు చెవిలో ఎంత ఊదినా ఒకటే. తొంభై తొమ్మిది!"

ఇక ఒక్క చుట్టు. వక్రఘంటుడు తాడు బిగించాడు. సింగన్న జోలె తెరిచి ఒక పావు ముక్క ఆమె కళ్ళ ముందు పెట్టాడు. అతని గొంతు చిన్నపిల్లవాడి గొంతులా చీలిపోయింది.

"ఎదురు తిరగక్కా! ఇక్కడ ఎదురు తిరగాలి! ముక్క వెనక్కి ఇస్తున్నా, చూడు!"

మాచమ్మ అడుగు ఆగింది.

ఆమె చూపు ముక్క మీద నిలిచింది. ముక్క మీద నుంచి అతని చేతి మీదికి, చేతి మీద నుంచి మొహం మీదికి మెల్లగా పాకింది. ఎడమ కాలు ఎత్తింది. గానుగ రోలు కీచుమని అరిచింది. ఆమె ఎడమకు తిరిగి నడక సాగించింది. సింగన్న కూడా కాడి కింద భుజం పెట్టి ఆమెతోపాటు తోశాడు. ఒక నిండు చుట్టు ఎడమకు పడింది.

బురుజు మీద మాంత్రికుడి నోరు దానంతట అది తెరుచుకుంది. "తొంభై తొమ్మిది వేల తొమ్మిదివందల తొంభై ఎనిమిది!" అంది అతని నోరు. అతను హడలిపోయి రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. కింద ఇంకో చుట్టు పడగానే వేళ్ళ సందుల్లోంచి "తొంభై ఏడు!" అని వినిపించింది.

మరుక్షణం వక్రఘంటుడు ఘంట నాలుకను ఊడబెరికి, ఆ ఇనుప గుదిబండను ఎత్తిపట్టుకుని, బురుజు మీద నుంచి ముంగిట్లోకి దూకాడు. వెనక వాకిలి కరకరలాడుతూ మూసుకుపోవడం మొదలుపెట్టింది. విప్పాల్సిన చుట్లు ఇంకా దాదాపు లక్ష ఉన్నాయి. ఇనుము నేల మీద ఈడుస్తూ వాడు పరిగెత్తుకొస్తున్నాడు. సింగన్న ఒక చేత్తో చురకత్తి దూసి, భుజం మాత్రం కాడి నుంచి తియ్యలేదు.

పక్క నుంచి, ఆరు నెలలుగా మాట లేని గొంతు ఒకటి బొంగురుగా పలికింది.

"ఏడవమాకురా, సింగా. వాకిట్లోకి పోయాక మొత్తం రొట్టె నీదే."